బండి నిలుపు చోటు

మోటారు బండి కదలుటకై పుట్టిన యంత్రము. ఐనను దాని ఆయుష్షులో అధికభాగము కదలక నిలిచియుండుటలోనే గడచిపోవును. దినమునకు ఒక గంట నడచు కారు తక్కిన 23 గంటలు ఎక్కడనో ఒకచోట నిలిచియుండవలెను గదా! రాత్రి ఇంటి ముందు, పగలు కచేరీ వద్ద, సాయంకాలము బజారులో - ఇట్లు ఒక్క కారునకు ఊరిలో ఒక్క చోటు చాలదు, రెండు మూడు చోట్లు కావలెను. బండ్లు నడచుటకు వలసిన రోడ్లు, వంతెనలు కట్టు శాస్త్రము ఎంతో పెరిగినది. బండ్లు నిలుచుటకు కూడ ఒక శాస్త్రము కలదనియు, అందు కొంత క్షేత్రగణితము, కొంత సంభావ్యతాగణితము, మిగిలినది లోకజ్ఞానము అనియు చాలమందికి తెలియదు. సికింద్రాబాదు నడిబజారును ఉదాహరణముగా తీసికొని ఆ సంగతులను పరిశీలింతము.

సికింద్రాబాదు దండుపట్టణముగా వెలసినది. మూడవ నిజాము సికందర్ జా పేర దీనికి 1806లో ఈ పేరు వచ్చినది. 1874లో రైలు వచ్చెను. 1897లో గడియార స్తంభము నిలిచెను. నేడు మహాత్మాగాంధి రోడ్డు అనబడు జేమ్స్ స్ట్రీటు, రాష్ట్రపతి రోడ్డు అనబడు కింగ్స్‌వే, వాని నడుమ జనరల్ బజారు, మోండా మార్కెట్టు, పాట్ మార్కెట్టు సందులు మోటారు కాలమునకు పూర్వపు అవసరములనుబట్టి ఏర్పడినవి. నాటి బండ్లు జట్కాలు, ఎడ్లబండ్లు. ఎడ్లబండి బస్తాలు దించి వెడలిపోవును. జట్కా మనిషిని దించి వేరొక బేరమునకు పోవును. ఏ బండియైనను బండివాడు దానితోనే ఉండును. యజమాని లేకుండ దినమంతయు వీధిలో ఒంటరిగా నిలిచియుండు బండి అనునది ఆ వీధులు వేసినవారి ఊహకు అందిన వస్తువు కాదు.

ఇప్పుడు జనరల్ బజారునకు పండుగ ముందు బట్టలు కొనబోయిన కుటుంబము పడు పాటు ఊరివారికి చెప్పనక్కర లేదు. ఒకరు బండిలో కూర్చుండి సందులు చుట్టుచుందురు, తక్కినవారు దుకాణములో ఉందురు. ఆ దుకాణముల మీది అంతస్తులలో తరతరములుగా కాపురమున్నవారి పాటు ఇంకను ఎక్కువ. వారికి బజారు అనగా ఇల్లే. సాయంకాలము ఇంటికి చేరినచో తమ గుమ్మము ముందే బండి నిలుపుటకు చోటుండదు, దూరముగా ఎక్కడనో విడిచివచ్చినచో రాత్రియెల్ల దానిమీదనే ధ్యాస. "చోటు లేదు, ఇంకను చోటు కల్పింపవలెను" అనునది అందరును చెప్పు మాట. ఈ మాటలో నిజమెంతయో లెక్కవేసి చూతము.

ఒక కారునకు ఎంత చోటు?

మామూలు కారు సుమారు 4 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు ఉండును. తలుపులు తెరచుటకు, ముందువెనుకల సందునకు కలిపి 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు గల గడి గీయుదురు. అనగా 12.5 చదరపు మీటర్లు. కాని గడులు మాత్రమే ఉన్న మైదానములోనికి బండి పోలేదు, పోయినను రాలేదు. దారి కూడ కావలెను. ఢిల్లీ నగరపు 2021 మాస్టర్ ప్లానులో ఒక కారునకు ఆరుబయట 23 చదరపు మీటర్లు, కప్పు క్రింద నేలమీద 28, సెల్లారులో 32 చొప్పున లెక్క కట్టినారు. సెల్లారులో స్తంభములు, దిగుడు బాట అదనము. సెల్లారు బాట వాలు సాధారణముగా ఎనిమిదింట ఒకటి. మూడు మీటర్లు దిగవలెనన్న 24 మీటర్ల బాట పరవవలెను. నూరు కార్ల సెల్లారనగా 3,200 చదరపు మీటర్లు, అనగా ముప్పాతిక ఎకరమునకు పైమాట. జనరల్ బజారు నడుమ అంత ఖాళీ నేల ఎక్కడనున్నది?

ఇక వీధి అంచు సంగతి. 100 మీటర్ల అంచు వెంబడి కార్లను బాటకు సమాంతరముగా నిలిపినచో, ముందునకు వెనుకకు తిప్పుకొను చోటుతో ఒక్కొక్కదానికి 6 మీటర్లు పట్టును, 16 కార్లు నిలుచును. 45 డిగ్రీలు ఏటవాలుగా నిలిపినచో ఒక్కొక్కదానికి అంచు మీద మూడున్నర మీటర్లు చాలును, 28 కార్లు పట్టును. నిట్టనిలువుగా నిలిపినచో 40. ఇది చూచి కొందరు "ఏటవాలుగా గీసిన సరి" అందురు. కాని సమాంతరపు వరుస వీధిలో రెండున్నర మీటర్లు తినును, ఏటవాలు వరుస 5.3 మీటర్లు తినును. 12 మీటర్ల వీధిలో ఇరువైపుల సమాంతరముగా నిలిపినచో నడుమ 7 మీటర్ల బాట మిగిలి 32 కార్లు నిలుచును. ఇరువైపుల ఏటవాలుగా నిలిపినచో మిగులునది మీటరున్నర కూడ లేదు. ఒక్కవైపుననే ఏటవాలుగా నిలిపినచో 28 కార్లే. మీదుమిక్కిలి, ఏటవాలు బండి వెనుకకు వచ్చునపుడు ప్రక్క బండి అడ్డుపడి తోలువానికి వీధి కనబడదు. ఇరుకు వీధిలో గీతలు మార్చి పొందగల లాభము కొంచెమే.

ద్విచక్ర వాహనముల లెక్క వేరు. స్కూటరునకు 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు చాలును. ఒక కారు గడిలో ఐదు స్కూటర్లు నిలుచును. అనగా ఒక కారు గడిని స్కూటర్లకు విడిచినచో ఒక కుటుంబమునకు బదులు ఐదు కుటుంబములు బజారు చేసికొనును. ఐనను గీతలు గీయునప్పుడు ముందుగా కారునే తలచుకొనుట వాడుకయైనది.

చోటున కన్న కాలము ముఖ్యము

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. ఒక నీళ్ల తొట్టిలో నిమిషమునకు పది చెంబుల నీరు పడుచు, ప్రతి నీటిబొట్టు సగటున మూడు నిమిషములు నిలిచి బయటికి పోవుచున్నదనుకొందము. తొట్టిలో ఎప్పుడు చూచినను సుమారు ముప్పది చెంబుల నీరుండును. అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ లిటిల్ 1961లో ఈ సూత్రమును ఏ వరుసకైనను, ఏ గుంపునకైనను వర్తించునట్లు గణితరీత్యా నిరూపించెను. బండ్లకు అన్వయించినచో అది ఇట్లుండును: నిలిచియున్న బండ్ల సంఖ్య, గంటకు వచ్చు బండ్ల సంఖ్యను ఒక్కొక్కటి నిలుచు గంటలచేత గుణించినంత.

నలుబది గడులున్న ఒక వీధిని ఊహించుకొనుడు. వచ్చిన ప్రతి బండి అరగంట నిలిచి పోవునెడల ఆ వీధి గంటకు 80 బండ్లకు ఆతిథ్య మియ్యగలదు. ఇప్పుడు ఆ నలుబదిలో ముప్పది గడులను, ఉదయము పది గంటలకు దుకాణములు తెరచువారును, వారి గుమాస్తాలును తమ బండ్లతో ఆక్రమించి, రాత్రి తొమ్మిదింటికిగాని కదలరనుకొందము. కొనవచ్చువారికి మిగిలినవి పది గడులు. గంటకు 20 బండ్లకు మాత్రమే చోటు. వీధి వెడల్పు మారలేదు, గడుల సంఖ్య మారలేదు. నలుబది గడుల వీధి పది గడుల వీధియైనది. కొనవచ్చువారు దూరమగుచున్నారని వాపోవు వర్తకుని బండియే తరచుగా ఆ దుకాణము ముందు నిలిచియుండుట మన బజారులలో వింత కాదు.

ఈ చిక్కు మనకే వచ్చినది కాదు. అమెరికాలో ఓక్లహోమా నగరపు నడిబజారులో పనివారి కార్లు పొద్దున్నే వచ్చి చోట్లన్నియు పట్టుకొనుటచేత కొనవచ్చువారికి చోటు లేకపోయెను. ఆ ఊరి పత్రికాసంపాదకుడు కార్ల్ మగీ దీనికి విరుగుడుగా నాణెము వేసినచో కొంతసేపు నడచు గడియారమును తలపెట్టెను. ఇంజనీరింగు విద్యకు చెందిన ఇద్దరు దానికి రూపమిచ్చిరి. 1935 జూలై 16న ప్రపంచమున మొదటి పార్కింగు మీటరు అచట నాటబడెను. గంటకు ఐదు సెంట్లు. అది పట్టణమునకు కొత్తగా ఒక్క గజము నేల కూడ తెచ్చి యియ్యలేదు. ఉన్న నేల మీద బండ్లు కదలునట్లు చేసినది, అంతే.

మన దేశమున 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానము కూడ, నిలుపుచోటు రుసుము ఆ నేల విలువకు తగినట్లుండవలెనని చెప్పినది. తెలంగాణ ప్రభుత్వము 2018లో మాల్సు, మల్టీప్లెక్సులకు సంబంధించి ఇచ్చిన ఉత్తరువులో కాలమును మెట్లుగా విభజించినది: మొదటి అరగంట అందరికిని ఉచితము, గంటవరకు ఏదైనను కొన్న బిల్లు చూపినవారికి ఉచితము, ఆపైన బిల్లు మొత్తము రుసుమును మించినచో ఉచితము. త్వరగా వచ్చిపోవువానికి భారము లేకుండ, ఏమియు కొనక దినమంతయు నిలుపువానికి భారముండునట్లు చేయుట మంచి ఏర్పాటు. విచిత్రమేమనగా, విశాలమైన మాలు సెల్లారునకు ఇట్టి మెట్లు కలవు. దానికన్న ఎన్నో రెట్లు విలువైన బజారు వీధి అంచు మీదనే కాలమునకు లెక్క లేదు.

వెదకులాట లెక్క

అన్ని గడులును నిండియుండుటయే సద్వినియోగమని తోచవచ్చును. అది పొరపాటు. నూరు గడులలో 85 నిండియున్నచో, వరుసగా చూచుకొనుచు పోవువానికి సగటున ఆరేడు గడులకు ఒక ఖాళీ తగులును. 95 నిండియున్నచో ఇరువది గడులు, 99 నిండియున్నచో నూరు గడులు చూడవలెను. నింపుదల కొంచెము పెరిగినకొలది వెదకులాట ఇంతలంతలగును. అందుచేతనే అమెరికా ఆచార్యుడు డోనల్డ్ షూప్, వీధిలో నూటికి 85 వంతులు నిండియుండునట్లు రుసుమును సవరించుట మేలని వాదించెను. ఆయన లాస్ ఏంజెలిస్ లోని వెస్ట్‌వుడ్ విలేజ్ అను చిన్న బజారును పరిశీలించి, చోటు కొరకు ఒక్కొక్కరు వెదకునది సుమారు మూడు నిమిషములే ఐనను, ఏడాది మొత్తము మీద ఆ పదునైదు వీధి ఖండములలో వెదకులాటకే కార్లు 9,50,000 మైళ్లు తిరుగుచున్నవని తేల్చెను. అది భూమి చుట్టును 38 మారులు తిరుగుటతో సమానము. సందులో ముందున్న బండి ఏ పనిమీదనో పోవుచున్నదని మనమనుకొందుము. అది చోటు కొరకు తిరుగుచున్న బండి కావచ్చును.

ఇంటివారి హక్కు

బజారుపై కాపురమున్నవారికి గంటకింత అని రుసుము పెట్టుట న్యాయము కాదు. జపానులో 1962 నాటి చట్టము ప్రకారము కారు కొనువాడు దానిని నిలుపుటకు చోటున్నదని ముందుగా ఋజువు చూపవలెను. నేడు ఆ చోటు ఇంటికి 2 కిలోమీటర్ల లోపల ఉండవలెను. కొత్త కాలనీలలో ఇది ఆలోచింపదగినదే. పాట్ మార్కెట్టులో తాతల నాటి ఇంటిలో ఉన్నవారికి ఈ నియమము పెట్టినచో వారు బండియే కొనరాదనుటతో సమానమగును.

ఐతే ఇంటివారి అక్కరయు బజారు అక్కరయు ఒకే వేళ రావు. విద్యుత్ ఇంజనీర్లు పగలు మిల్లులకు, రాత్రి దీపములకు ఒకే యంత్రమునుండి కరెంటు పంచినట్లు, ఒకే గడిని పగలు కొనవచ్చువారికి, రాత్రి ఇంటివారికి పంచవచ్చును. సాయంకాలము ఆరు మొదలు తొమ్మిది వరకు మాత్రమే ఇద్దరికిని పోటీ. ఆ మూడు గంటల కొరకు సరోజినీదేవి రోడ్డు, రాష్ట్రపతి రోడ్డు వెంబడి ఉన్న బ్యాంకులు, కచేరీల సెల్లారులున్నవి. పని ముగిసిన పిదప అవి తెల్లవారువరకు తాళములు వేసి ఖాళీగా ఉండును. ఆ ప్రాంతపు ఇంటివారికి నెలకింత అని చీటీ యిచ్చి, కావలివానిని పెట్టి వానిని రాత్రిపూట తెరచినచో కొత్తగా ఇటుక పేర్చనవసరము లేదు. దీనికి కావలసినది నగరపాలక సంస్థ, భవనముల యజమానులు, ఇంటివారి సంఘములు కూర్చుండి చేసికొను ఒప్పందము మాత్రమే.

దినమంతయు నిలుపువారి సంగతి? వారు కొంచెము నడువగలరు. బండిని అర కిలోమీటరు దూరములో విడిచి వచ్చుట ఆరేడు నిమిషముల నడక. 2017లో నాగోలునుండి వచ్చిన మెట్రోకును, 2020లో పెరేడ్ గ్రౌండ్సునుండి దక్షిణముగా పోయిన మెట్రోకును స్టేషనులు ఈ బజారు అంచులలోనే ఉన్నవి గనుక, కొందరు బండి లేకయే రావచ్చును.

భద్రత

దొంగకు కావలసినవి రెండు: కొంత వ్యవధి, చూచువారు లేకపోవుట. ఈ రెండింటిని తీసివేయుటయే భద్రతాశాస్త్రమంతయు. మన పాత సినిమాహాళ్ల సైకిలు స్టాండులో ఈ శాస్త్రము పూర్తిగా ఉండెడిది. ఒకే అంకె గల బిళ్లలు రెండు. ఒకటి సైకిలునకు, ఒకటి మనిషికి. బయటికి పోవు దారి ఒక్కటే. అచట ఒక మనిషి రెండు బిళ్లలును సరిచూచును. తాళము లేని సైకిలు కూడ అచట సురక్షితముగా ఉండెడిది.

నేటి ఫాస్టాగు ఆ బిళ్లకు మనుమడు. అద్దమునకు అంటించిన ఆ చీటీలో బ్యాటరీ లేదు. ద్వారము వద్ద నున్న యంత్రము పంపు రేడియో తరంగములనుండియే అది శక్తిని గ్రహించి తన సంఖ్యను తిరిగి పలుకును. శంషాబాదు విమానాశ్రయపు పార్కింగులో దీనితో రుసుము తీసికొనుట జరిగినది. గడి ఖాళీయా, నిండినదా అని తెలిసికొనుటకు మరొక ఉపాయము కప్పున బిగించిన శబ్దయంత్రము. అది చెవికి వినరాని ధ్వనిని నేలకు పంపి ప్రతిధ్వని కొరకు వేచియుండును. మూడు మీటర్ల ఎత్తునుండి పంపిన ధ్వని ఖాళీ నేలను తాకి వచ్చుటకు సెకనులో వెయ్యవ భాగములు పదునెనిమిది పట్టును. క్రింద కారున్నచో దాని కప్పును తాకి తొమ్మిదింటిలోనే వచ్చును. పచ్చ దీపము ఎఱ్ఱదగును. వెదకులాట తప్పును.

దీపముల విషయమున ఒక మాట. ఒక్క పెద్ద దీపము కన్న చిన్న దీపములు అనేకము మేలు. దీపమునుండి దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవ వంతగును. పెద్ద దీపము క్రిందికి అలవాటుపడిన కన్ను ప్రక్కనున్న చీకటిలోనికి చూడలేదు, దొంగ ఆ చీకటిలోనే ఉండును.

సెల్లారు భద్రత దొంగల వరకే ఆగదు. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువు గనుక పల్లమునకు దిగి పేరుకొనును. పొగగొట్టమునుండి వచ్చు కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. కావున గాలి యాడుట తప్పనిసరి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో సెల్లారులు చెరువులై బండ్లు మునిగినవి. వీనికన్న ఘోరమైనది 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులోనే జరిగెను. ఒక లాడ్జి భవనపు అడుగుభాగములో నడచుచుండిన ఎలెక్ట్రిక్ స్కూటర్ల దుకాణమునుండి మంటలు లేచి, పై అంతస్తులలో నున్నవారిలో ఎనిమిదిమంది మరణించిరి. లిథియం బ్యాటరీలో ఒక గడి వేడెక్కినచో ఆ వేడిమి ప్రక్క గడిని రాజవేయును, దానికి బయటి ఆజ్యము అక్కరలేదు. పుట్టిన విషపు పొగ మెట్ల మార్గమును, లిఫ్టు నూతిని పొగగొట్టముగా చేసికొని పైకి పోవును. పార్కింగు కొరకని అనుమతి పొందిన సెల్లారును గోదాముగనో దుకాణముగనో మార్చుట మన ఊళ్లలో చిన్న తప్పుగా చెల్లిపోవుచున్నది. అందువలన వీధికెక్కు బండ్లొక నష్టము. పై అంతస్తున నిదురించువారి ప్రాణములు రెండవది.

యంత్రపు గోపురములు

"బహుళ అంతస్తుల పార్కింగు" అను మాట నేడు తరచుగా వినబడుచున్నది. నాంపల్లి మెట్రో స్టేషను చెంత అర ఎకరము నేలలో 15 అంతస్తుల భవనము లేపినారు. అందు 10 అంతస్తులు బండ్లకు ఉద్దేశింపబడినవి. తోలువాడు క్రిందనే దిగిపోవును. పళ్లెము వంటి దిమ్మె మీద నున్న కారును లిఫ్టు పైకి తీసికొనిపోయి అరలో పెట్టును. లోపల దారి అక్కరలేదు గనుక కారునకు 16 చదరపు మీటర్లే చాలునని ఇందాక చెప్పిన ఢిల్లీ లెక్క. మనుష్యులు పోరు గనుక దొంగతనమునకు తావు తక్కువ.

ఐతే లిటిల్ సూత్రమును మరచిపోరాదు. ఒక లిఫ్టు ఒక కారును ఎక్కించుటకో దించుటకో రెండు నిమిషములు తీసికొన్నచో గంటకు ముప్పది కార్లే. అరగంట పనిమీద వచ్చువారు ప్రతివాడును ఎక్కించుటకు ఒకమారు, దించుటకు ఒకమారు లిఫ్టు నడుగును. సాయంకాలపు రద్దీలో గోపురము లోపల ఖాళీ ఉండియు బయట వీధిలో వరుస పెరుగును. ఉదయము పెట్టి రాత్రి తీసికొనువారికి, రాత్రి పెట్టి ఉదయము తీసికొను ఇంటివారికి గోపురము తగును. చీర కొనవచ్చిన వారికి వీధి అంచే తగును. 2023 ఏప్రిలులో శంకుస్థాపన జరిగిన సికింద్రాబాదు స్టేషను పునర్నిర్మాణమువంటి పెద్ద పనులలో ఎవరి కొరకు ఏ విధమైన చోటు అనునది ముందుగా తేల్చుకొనవలసిన ప్రశ్న.

దీనికి వలసిన కొలతలు కళాశాల విద్యార్థులు నలుగురు ఒక్క శనివారమునాడు తీయగలరు. నూరు మీటర్ల వీధి ముక్కను ఎంచుకొని ఉదయము పదింటి నుండి రాత్రి తొమ్మిది వరకు అరగంట కొకమారు అటు చివరనుండి ఇటు చివరకు నడచి, ప్రతి బండి సంఖ్యలోని చివరి నాలుగు అంకెలను వరుసగా పుస్తకములో వ్రాసికొనవలెను. ఇరువదిమూడు నడకలు పట్టును. పిదప ఏ సంఖ్య ఎన్ని నడకలలో కనబడినదో లెక్కించినచో అది సుమారుగా నిలిచిన కాలము తెలియును. మొత్తము వేర్వేరు సంఖ్యలను గడుల సంఖ్యచేత భాగించినచో ఒక్కొక్క గడి దినమునకు ఎందరికి పనికివచ్చినదో తెలియును. అరగంటలోపల వచ్చి పోయినవి కొన్ని తప్పిపోవును గనుక నడకల నడుమ కాలము తగ్గించినకొలది లెక్క నిక్కమగును. ఇరువదిమూడు నడకలలోను కనబడిన సంఖ్యలను విడిగా వ్రాసి, ఆ బండ్లు ఎవరివో ఎదుటి దుకాణములో అడిగి తెలిసికొనుడు.